పట్టా చేతికొచ్చాక చదవాల్సిన ఉత్తరం

కదిరి: డిగ్రీ ఫలితాలు వెలువడిన తర్వాతి ఆదివారం చాలా క్రైస్తవ ప్రార్థనా మందిరాల్లో కనబడే దృశ్యమొకటుంది. ఆరాధన ముగియబోయే ముందు పాస్టరుగారు ఆ యేడు పాసైన పిల్లల్ని ముందుకు రమ్మంటారు. నలుగురో ఐదుగురో లేచి వచ్చి తలలు వంచి నిలబడతారు. సంఘ పెద్దలు వారి తలలమీద చేతులుంచి ప్రార్థన చేస్తారు. ఆ తర్వాత ఒక్కొక్కరి చేతిలో ఒక బైబిలో, వాక్యం అచ్చువేసిన కార్డో పెడతారు. వెనుక చాపమీద కూర్చున్న తల్లి కొంగుతో కళ్ళొత్తుకుంటుంది. ఆ ఇంట్లో పట్టా పుచ్చుకున్న మొదటి బిడ్డ అదే కావచ్చు.

కార్డుమీద ఉండే వాక్యం చాలామట్టుకు ఒకటే. యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయం, 11వ వచనం. దేవుడు తన ప్రజల విషయంలో తలపెట్టింది కీడు కాదు, మేలేననీ, వారికి ముందు మంచికాలం ఉన్నదనీ దాని భావం. ఇళ్ళలో గోడ క్యాలెండర్లమీద, ఆటోల వెనుక అద్దాలమీద, పెళ్ళి శుభలేఖలమీద కూడా ఇదే వచనం కనిపిస్తుంది.

మందిరం గడప దాటగానే ఎదురయ్యే ప్రశ్న వేరు. "డిగ్రీ అయిపోయె గదా, ఇంగేం జేస్తాండావు నాయనా?" అని వీధిలో పెద్దవాళ్ళు పలకరిస్తారు. అడిగేవారు ప్రేమతోనే అడుగుతారు. మొదటి ఆరు నెలలు నవ్వుతూ జవాబు చెప్పవచ్చు. ఏడాది తిరిగాక ఆ పలకరింపు తప్పించుకోవడానికి వేరే వీధిన తిరిగిపోయే కుర్రవాళ్ళున్నారు. కార్డు మాత్రం బైబిల్లో భద్రంగానే ఉంటుంది. రెండేళ్ళు గడిచి, మేలు ఏదీ కంటికి కనబడనప్పుడు ఆ కార్డును ఏం చేసుకోవాలి? పిల్లలు పైకి అడగకపోయినా లోపల అడుక్కునే ప్రశ్న ఇది.

ఎవరికి రాసిన మాట?

దీనికి జవాబు ఆ వచనం చుట్టూ ఉన్న వచనాల్లోనే ఉంది. అది ఒక ఉత్తరంలోని మాట. క్రీస్తుపూర్వం 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేమును లొంగదీసుకుని అక్కడి రాజునూ, అధికారులనూ, పనితనం తెలిసిన కంసాలులనూ చెరపట్టి తన దేశానికి తరలించుకుపోయాడు. కొన్ని వందల కోసుల దూరం. తెలియని భాష, తెలియని దేవతలు, తెలియని తిండి. అక్కడున్న వారికి యెరూషలేములోనే మిగిలిపోయిన యిర్మీయా ప్రవక్త రాసి పంపిన ఉత్తరం అది.

అదే రోజుల్లో హనన్యా అనే మరో ప్రవక్త యెరూషలేములో నిలబడి, రెండేళ్ళలో అంతా చక్కబడుతుందనీ, పోయినవాళ్ళు తిరిగి వస్తారనీ దేవుని పేరుమీదనే ప్రకటించాడు. ఆ మాట వినేవారికి ఎంత ఇంపుగా ఉండి ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. యిర్మీయా చెప్పింది రెండేళ్ళు కాదు, డెబ్బై ఏళ్ళు. అంటే ఆ ఉత్తరం చదివించుకుని విన్న పెద్దవాళ్ళలో దాదాపు ఎవరూ తిరిగి సొంతవూరి మట్టి తొక్కబోరన్నమాట. డెబ్బై ఏళ్ళ సంగతి పదో వచనంలో ఉంది. ఆ వెంటనే వచ్చేదే మన కార్డుమీది పదకొండో వచనం. పదో వచనం అచ్చువేసిన కార్డు ఎక్కడా కనబడదు.

ఈ నడుమ ఏం చేయమన్నాడు? ఇళ్ళు కట్టుకోండి, తోటలు వేసి వాటి కాయలు తినండి, పెళ్ళిళ్ళు చేసుకోండి, బిడ్డలకు పెళ్ళిళ్ళు చేయండి, మీరు చేరిన పట్టణం బాగుకోసం పాటుపడి ప్రార్థించండి అన్నాడు. తమను చెరపట్టినవాడి పట్టణం అది! దాని బాగులోనే మీ బాగుంది అన్నాడు. ఇలా చూస్తే ఇది గెలుపు గుమ్మంలో నిలబడినవారికి పంపిన అభినందన పత్రం కాదు. కోరుకోని చోట, కోరుకున్నదానికంటే ఎక్కువకాలం ఉండవలసివచ్చిన వారికి బతకడం వాయిదా వేయవద్దని చెప్పిన మాట. కదిరి పిల్లలకు ఇది అభినందన కంటే ఎక్కువ పనికొస్తుంది.

రెండేళ్ళ మాటలు

కదిరి సీమ సంగతి తెలియనిది కాదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంత పీఠభూమి ఇది. అది కూడా పడవలసినప్పుడు పడదు. ఇక్కడి వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో తయారైన కదిరి-3, కదిరి-6, కదిరి లేపాక్షి వేరుశెనగ రకాలతో ఊరి పేరు దూరదూరాల పొలాల దాకా పోయింది. ఊరి పిల్లలకు మాత్రం ఆ పొలాలమీద నమ్మకం సన్నగిల్లింది. 2022 ఏప్రిల్ 4న అనంతపురం జిల్లా రెండుగా చీలి కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్ల కర్మాగారం మొదలైంది. అయినా డిగ్రీ పూర్తయిన కుర్రవాడి కళ్ళు ముందుగా చూసేది బెంగళూరు బస్సువైపే.

బస్సెక్కనివారు సర్కారు నౌకరీకోసం ఎదురుచూస్తారు. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల్లో లక్షా పాతికవేలకు పైగా కొలువులు ఒక్కసారిగా వచ్చాయి. అందుకున్నవారి ఇళ్ళలో పండుగ జరిగింది. టీచరు పోస్టుల కథ వేరు. 2018 డీఎస్సీ తర్వాత 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు ప్రకటన వచ్చి రద్దయింది. చివరకు 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ జరిగింది. అంటే 2018లో తప్పిన అమ్మాయి ఏడేళ్ళు పుస్తకాలముందు కూర్చున్నదన్నమాట. ఇరవై మూడు నుంచి ముప్పై ఏళ్ళదాకా! ఆ ఏడేళ్ళను ఎవరు తిరిగి ఇస్తారు?

'సెటిలయ్యాక' అన్న మాట మన యువతీయువకుల నోట తరచుగా వినబడుతుంది. పెళ్ళి సెటిలయ్యాక, ఇంటికి ఆసరా సెటిలయ్యాక, మందిరంలో ఏదైనా బాధ్యత తీసుకోవడం కూడా సెటిలయ్యాకే. బెంగళూరు చేరినవారిదీ అదే వరస. పదిమంది ఉండే అద్దెగదిలో అయిదారేళ్ళు గడిచినా ఆ ఊరు వారికి బస్టాండులాగే ఉంటుంది. పక్కింటివారి పేరు తెలియదు. కన్నడం నాలుగు ముక్కలు రావు. యిర్మీయా ఉత్తరం సరిగ్గా ఈ జబ్బుకే మందు. ఉద్యోగం వచ్చాక కాదు, ఉన్నచోటనే, ఈ వారంలోనే బతుకు మొదలుపెట్టమంటుంది. డీఎస్సీకి చదువుకునే అమ్మాయి సాయంత్రం గంటసేపు వీధి పిల్లలకు లెక్కలు చెబితే అది కాలం వృథా చేయడమేమీ కాదు. ఆమె టీచరు కావాలనుకుంటున్నది అందుకే గదా!

హనన్యాలు ఇప్పటికీ కొరత లేరు. ఆరు నెలల్లో ఉద్యోగం ఖాయమనే కోచింగు ప్రకటనలు, మూడు నెలల్లో కువైట్ వీసా తెస్తానని అడ్వాన్సు తీసుకునే ఏజెంట్లు ఉన్నారు. ఫలానా తేదీలోగా నీకు నియామకపత్రం వస్తుందని మైకులో ప్రవచించే వేదికలూ ఉన్నాయి. చివరివారి మాట తప్పినప్పుడు తప్పు విశ్వాసం చాలని పిల్లవాడిదవుతుంది. ఇది అన్నిటికంటే కఠినం.

మూడేళ్ళ చదువు, రెండు పేర్లు

బబులోనుకు చెరపోయినవారిలో కుర్రవాళ్ళు కూడా ఉన్నారు. దానియేలు, అతని ముగ్గురు స్నేహితులు అటువంటివారే. రాజు వారికి మూడేళ్ళపాటు ఆ దేశపు భాష, విద్య నేర్పించాడు. మన పాత డిగ్రీ లాగా సరిగ్గా మూడేళ్ళు! చదువు మొదట్లోనే వారి పేర్లు మార్చేశారు. దానియేలు బెల్తెషాజరయ్యాడు. ఆ పేరులో పరాయి దేవుని పేరు కలిసివున్నా అతడు గొడవపడినట్టు గ్రంథంలో లేదు. చదువు చదివాడు, కొలువులో చేరాడు. రాజుగారి పళ్ళెంలోని భోజనం దగ్గర మాత్రం ఆగాడు. అక్కడ గీత గీశాడు. అది కూడా తిరగబడి కాదు, పది రోజులు కూరగాయలు పెట్టి చూడమని తమపై నియమించిన అధికారిని మర్యాదగా అడిగి.

రెండు పేర్ల సంగతి కదిరి ప్రాంతపు క్రైస్తవ పిల్లలకు వివరించి చెప్పనక్కరలేదు. మందిరంలో పిలిచే పేరొకటి, పదో తరగతి మార్కుల పత్రంలో పేరొకటి ఉన్నవారు ఎందరో. పేరు రెండైతే పెద్ద చిక్కు లేదు. దరఖాస్తులో మతం, కులం అన్న గడులు నింపేటప్పుడే చిక్కంతా. పట్టా పుచ్చుకున్న పిల్లలు మొట్టమొదట ఎదుర్కొనే పెద్ద నిర్ణయం చాలా ఇళ్ళలో ఇదే. ప్రోత్సాహ కూటాల్లో దీని ఊసు మాత్రం రాదు.

చట్టం ఇలా ఉంది. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మొదట హిందువులకు మాత్రమే వర్తించింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. షెడ్యూల్డు కులాలనుంచి క్రైస్తవంలోకి వచ్చినవారినీ, వారి సంతతినీ మన రాష్ట్రంలో బి.సి.-సి గ్రూపులో పెట్టారు. ఆ గ్రూపు వాటా 1 శాతం. ఎస్సీల వాటా 15 శాతం. ఈ రెండు అంకెల మధ్య ఒక కుటుంబం తలరాత ఊగుతుంది.

మతం మారినా ఊళ్ళో కులం మారలేదు కదా, బావి దగ్గర, హోటలు దగ్గర మమ్మల్ని చూసే చూపు మారలేదు కదా అన్నది దళిత క్రైస్తవుల వాదన. ఆ వాదనలో బలం లేకపోలేదు. దీనిని పరిశీలించడానికే కేంద్రం 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్ వేసింది. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని 2023 మార్చి 24న రాష్ట్ర శాసనసభ తీర్మానించింది. మరొకవైపు 2024 నవంబరు 26న సుప్రీంకోర్టు, పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ కేసులో, క్రైస్తవ ఆరాధనలో కొనసాగుతూ ఉద్యోగంకోసం మాత్రమే హిందువునని చెప్పడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని తీర్పు చెప్పింది. మన రాష్ట్రంలో 1993 నాటి కులధ్రువపత్రాల చట్టం కింద తప్పుడు పత్రం రద్దవుతుంది, దానితో వచ్చిన ఉద్యోగమూ పోతుంది, శిక్షా పడవచ్చు.

పెద్దల తగవు తేలేవరకు ఇరవై రెండేళ్ళ పిల్ల దరఖాస్తు ఆపుకోలేదు. ఆమెకు ఎవరైనా ఎదురుగా కూర్చుని ఇదంతా చెప్పాలి. కొందరు పాస్టర్లు ఈ మాట ఎత్తరు. ఎత్తితే సంఘంలో సగం మంది నొచ్చుకుంటారని భయం. ఇంకొందరు వేదికమీదినుంచి గట్టిగా ఖండించి, తమ బిడ్డల విషయంలో మౌనం వహిస్తారు. పిల్లలు ఇద్దరినీ గమనిస్తారు. దానియేలుకు కొత్త పేరు రాజు పెట్టాడు, అతడు తానుగా అబద్ధం చెప్పలేదు. భోజనం దగ్గర గీసిన గీత అతడు సొంతంగా, పోగొట్టుకునేదేమిటో తెలిసి గీసుకున్నది. దరఖాస్తు నింపకముందే తల్లిదండ్రులు, పాస్టరు, చట్టం తెలిసినవారొకరు కలిసి కూర్చుని పిల్లతో మాట్లాడితే సగం భారం తగ్గుతుంది. పదేళ్ళ తర్వాత విచారణ అధికారి ఇంటికి వచ్చినప్పుడు మాట్లాడుకుంటే లాభం లేదు.

దారి మార్చుకున్నవారు

ఒకసారి తీసుకున్న నిర్ణయం తప్పితే జీవితమే తప్పిపోతుందన్న బెంగ ఈ వయసులో సహజం. దేవుని చిత్తం ఫలానా ఒక్క దారేననీ, అది తప్పితే ఇక అంతేననీ భయపడే భక్తిపరులైన పిల్లలు మరీ ఎక్కువ బాధపడతారు. వారు అనంతపురం - కదిరి రోడ్డుమీదనున్న బత్తలపల్లిలో ఒకసారి దిగి చూడవచ్చు. విన్సెంట్ ఫెర్రర్ సమాధి అక్కడున్నది.

ఫెర్రర్ పేరు వినని పల్లె ఈ సీమలో అరుదు. ఆయన ఎన్నిసార్లు దారి మార్చుకున్నాడో మాత్రం చాలామందికి తెలియదు. 1920లో బార్సిలోనాలో పుట్టాడు. పదిహేడు, పద్దెనిమిదేళ్ళ వయసులో స్పెయిన్ అంతర్యుద్ధంలో సైనికుడు. ఓడిన పక్షంవాడు కనుక నిర్బంధ శిబిరాలు చూశాడు. తర్వాత న్యాయశాస్త్రం చదవడం మొదలుపెట్టి, 1944లో అది వదిలి జెస్యూట్ సభలో చేరాడు. 1952లో బొంబాయి వచ్చి, మన్మాడ్ ప్రాంతపు రైతులతో బావులు తవ్వించాడు. 1968లో దేశం విడిచిపొమ్మని ఉత్తర్వులొచ్చాయి. 1969లో మళ్ళీ వచ్చి, ఎవరూ రాని చోటని పేరుపడిన అనంతపురంలో దిగాడు. అప్పటికి ఆయనకు 49 ఏళ్ళు. మరుసటి ఏడు జెస్యూట్ సభను కూడా వదిలి, ఇంగ్లండునుంచి వచ్చిన యువ పాత్రికేయురాలు ఆన్ పెర్రీని పెళ్ళాడాడు. ఆ రోజుల్లో దీనిని పతనమన్నవారుంటే ఆశ్చర్యపడనక్కరలేదు. ఆ ఇద్దరూ నిలబెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఇళ్ళు కట్టింది, బళ్ళు పెట్టింది, నీటి కట్టలు వేసింది. 2000లో బత్తలపల్లి ఆసుపత్రి తెరిచింది. సాయం పొందినవారిని ఆ ట్రస్టు మతం అడగలేదు. 2009 జూన్ 19న ఆయన కన్నుమూసినప్పుడు పల్లెలనుంచి జనం తరలివచ్చారు. యిర్మీయా చెప్పిన పరాయి పట్టణం బాగు అన్న మాటకు ఇంతకంటే దగ్గరి సాక్ష్యం ఈ సీమలో దొరకదు.

కదిరి మీదుగా పాకాల, కాట్పాడి పోయే రైలెక్కి జబ్బు మనుషులను వేలూరుకు తీసుకుపోవడం ఇక్కడి ఇళ్ళలో ఎన్నో ఏళ్ళుగా ఉన్న అలవాటే. ఆ ఆసుపత్రి స్థాపించిన ఐడా స్కడర్ మొదట ఇక్కడ ఉండనే ఉండనని పట్టుబట్టిన పిల్ల. మిషనరీ ఇంటి కష్టాలు చిన్ననాడే చూసి విసిగిపోయింది. జబ్బుపడిన తల్లిని చూసుకోవడానికి వచ్చినప్పుడు ఒకే రాత్రి ముగ్గురు భర్తలు, ప్రసవవేదనలో ఉన్న తమ భార్యలకోసం వచ్చి ఆమెను పిలిచారు. తనకు వైద్యం రాదు, తండ్రి డాక్టరు, ఆయన వస్తాడంటే మగ డాక్టరు వద్దన్నారు. తెల్లారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు. ఆమె అమెరికా వెళ్ళి 1899లో వైద్యపట్టా పుచ్చుకుని, 1900లో వేలూరు వచ్చింది. 1918లో ఆడపిల్లలకు వైద్య పాఠశాల పెట్టింది.

ఇక డిగ్రీయే చేతికి రానివారి మాట. ఫలితాల ఆదివారంనాడు మందిరానికి రాకుండా ఇంట్లో ఉండిపోయే పిల్లలు కొందరుంటారు. వారిని ముందుకు పిలిచేవారు లేరు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో బి.ఏ. చదివిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య చివరి పరీక్షల వేళ జబ్బుపడ్డాడు. పట్టా రాలేదు. మళ్ళీ రాయలేదు. తిరునెల్వేలి తమిళుడైన ఆయన 1909లో తెలుగుగడ్డమీద దోర్నకల్ చేరి, తెలుగు నేర్చుకుని, మాల, మాదిగ పల్లెల్లో తిరిగాడు. 1912లో ఆంగ్లికన్ సభకు తొలి భారతీయ బిషప్పు అయ్యాడు. ఫలితాల ఆదివారంనాడు పాస్టరుగారు తప్పినవారి ఇళ్ళకు కూడా ఒకసారి పోయి కూర్చుంటే బాగుంటుంది. కార్డు ఇవ్వకపోయినా ఫరవాలేదు.

పదిహేడు తులాల పొలం

బెంగళూరూ కాదు, సర్కారూ కాదు, ఊళ్ళోనే ఉండి నాయన పొలం చూసుకుంటానన్న పిల్లవాడికి ఈ రోజుల్లో ఎక్కడా ఆశీర్వాదం దొరకదు. డిగ్రీ చదివి మళ్ళీ మడకా అంటారు. పిల్లనిచ్చేవారుండరు. నాలుగెకరాల మెట్ట, ఎండిన బోరు, మూడేళ్ళకొకసారి దక్కే శెనక్కాయ పంట. అతనికి లెక్క చెప్పి వద్దనేవారి మాటలో అబద్ధం లేదు.

ఉత్తరం రాసిన యిర్మీయాకే తర్వాత ఇటువంటి బేరమొకటి వచ్చింది. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించి ఉంది. యిర్మీయా కావలిలో ఉన్నాడు. అప్పుడు చిన్నాయన కొడుకు హనమేలు వచ్చి అనాతోతులోని పొలం కొనుక్కోమన్నాడు. శత్రువు గుడారాలు వేసుకున్న ప్రాంతంలోని పొలం! ఏ తెలివైనవాడూ కొనడు. యిర్మీయా పదిహేడు తులాల వెండి తూచి ఇచ్చాడు. సాక్షులను పిలిచి దస్తావేజు రాయించి, ముద్ర వేయించి, చాలాకాలం చెడకుండా మట్టికుండలో పెట్టించాడు. ఈ దేశంలో మళ్ళీ ఇళ్ళు, పొలాలు, తోటలు కొంటారన్నది ఆయన నమ్మకం.

ఆ పొలంలో ఆయన విత్తనం వేసినట్టు గ్రంథంలో లేదు. పట్టణం కూలింది. కొన్నాళ్ళకు మిగిలినవాళ్ళు ఆయనను కూడా వెంటబెట్టుకుని ఐగుప్తు వెళ్ళిపోయారు. పొలం కాగితాలు కుండలోనే ఉండి ఉండాలి.